ఒకే పుట్ట, రెండు గొడుగులు



రాత్రంతా ఉరుములతో కురిసి తెల్లారేసరికి వాన తెరిపిచ్చిందంటే చాలు, మా నాయనమ్మ నన్ను నిద్ర లేపేసేది. ఆరుద్ర కార్తె దాటి పునర్వసు వచ్చే రోజులు. ఆమె చంకలో వెదురుబుట్ట, చేతిలో కూరగాయలు తరిగే చిన్న కత్తి. ఊరు దాటి, మామిడితోపు దాటి, మద్దిచెట్లూ తునికిచెట్లూ కలిసి పెరిగిన అడవి అంచుకు చేరేసరికి కూడా పూర్తిగా వెలుతురు వచ్చేది కాదు. ఆ మసక వెలుగులో ముందు ఆమెకే కనబడేవి. తడిసిన ఎర్రమట్టి మీద తెల్లగా, ఎవరో ముత్యాలు చల్లినట్టు ఒకచోట, గొడుగులు ఆరబెట్టినట్టు ఇంకోచోట.

బుట్ట అడుగున మోదుగాకులు పరిచి ఒకవైపు పెద్దవి, ఒకవైపు చిన్నవి వేసేది. పొరపాటున నేను కలిపితే ఊరుకునేది కాదు. "రెండూ పుట్టకొక్కులేగా నాయనమ్మా" అంటే, "పుట్టకొక్కులే రా. కానీ చిన్నవాటికి కింద పొట్టులాంటి మట్టి ఉంటుంది, కడిగినా ఓ పట్టాన వదలదు. అదంతా పెద్దవాటికి పట్టిస్తావా?" అనేది. ఆ మాట విన్నప్పుడు నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. తరవాత నేను వృక్షశాస్త్రం చదువుకున్నాను. చిన్నవాటి కింద అంటుకుని వచ్చే ఆ పొట్టులాంటి మట్టి నిజానికి మట్టి కాదని, ఈ రెండు పుట్టగొడుగుల మధ్య తేడా అంతా ఆ గుప్పెడు పొట్టులోనే ఉందని తెలియడానికి నాకు మరో పాతికేళ్ళు పట్టింది. ఇవాళ మీతో ఆ సంగతే చెప్పుకోవాలని వచ్చాను.

ముందుగా వాటి పేర్లు. పెద్దదాన్ని శాస్త్రంలో టెర్మిటోమైసెస్ హైమీ అంటారు. చిన్నదాన్ని టెర్మిటోమైసెస్ మైక్రోకార్పస్ అంటారు. రేడియోలో వినేటప్పుడు ఈ పేర్లు నోట నిలవవు కాబట్టి ఈ పూటకు పెద్దగొడుగు, చిట్టిగొడుగు అని పిలుచుకుందాం. రెండింటి పేర్లలోనూ మొదటి మాట ఒకటే. అంటే ప్రజాతి ఒకటే, జాతులు వేరు. టెర్మిటోమైసెస్ అనే మాటకు అర్థం చెదల శిలీంధ్రం అని. యూరప్ వాళ్ళు ఆ పేరు పెట్టింది 1942లో. మనవాళ్ళు అంతకు ఎన్ని వందల ఏళ్ళ ముందో పుట్టగొడుగు అన్నారు. పుట్ట మీద లేచే గొడుగు. దాని చిరునామా దాని పేరులోనే ఉంది. ఇప్పుడు అంగట్లో ప్యాకెట్లలో దొరికే బటన్ పుట్టగొడుగును, వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగును కూడా అదే పేరుతో పిలుస్తున్నాం. వాటికి పుట్టతో ఏ సంబంధమూ లేదు. ఆ మాటకు అసలైన హక్కుదార్లు ఈ రెండూ, వీటి దాయాదులూ.

పుట్ట అనగానే మనకు పాము గుర్తొస్తుంది. నాగుల చవితినాడు పాలు పోస్తాం, పుట్టమన్ను చెవులకు పెట్టుకుంటాం. వాల్మీకి పేరు కూడా పుట్టలోంచి వచ్చిందే. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరతాయని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పాములు చేరే మాట నిజమే. ఆ పుట్ట పెట్టేవి మాత్రం చీమలు కావు, చెదలు. ఈ చెదలకు చీమలతో చుట్టరికం కూడా లేదు. అవి బొద్దింకల వంశం. తొలకరిలో దీపం చుట్టూ మూగే ఉసుళ్ళు ఉన్నాయే, రెక్కలు వచ్చిన చెదలే అవి. ఆ పుట్ట లోపల పాముకన్నా ఎంతో ఆశ్చర్యకరమైనది ఇంకొకటి ఉంది. అదొక తోట.

చెదలకు ఎండుటాకు, పుల్ల, గడ్డి దొరుకుతాయి. కానీ కర్రను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని అరిగించుకోవడం వాటికి కష్టం. అందుకని పుట్టలు పెట్టే ఈ చెదలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ముదురు పనివాళ్ళు బయటి నుంచి ఆకూ పుల్లా మోసుకొస్తాయి. లేత పనివాళ్ళు వాటిని నమిలి మింగుతాయి. సరిగా అరగకముందే పేగుల్లోంచి బయటికి వచ్చిన ఆ ముద్దను గుళికలుగా తెచ్చి ఒకదాని మీద ఒకటి అంటిస్తాయి. అలా పేరుకున్నది అక్రోటు పప్పులా ముడతలు ముడతలుగా, బూడిదరంగు కలిసిన గోధుమవన్నెలో, చేతికి తేలికగా, నొక్కితే పొడిపొడిగా రాలేటట్టు తయారవుతుంది. తేనెటీగలకు తేనెతుట్టె ఎలాగో చెదలకు ఇదలాగ. దీన్ని బూజుతుట్టె అందాం. ఆకుతోపాటు చెదలు మింగిన శిలీంధ్రపు సిద్ధబీజాలు ఆ ముద్దలోనే ఉంటాయి. సిద్ధబీజాలంటే శిలీంధ్రపు విత్తనాలనుకోండి. అవి మొలిచి, తెల్లని బూజు దారాలుగా తుట్టె అంతా అల్లుకుంటాయి. చెదలు చేయలేని పని ఆ బూజు చేస్తుంది. లిగ్నిన్‌ను విడగొడుతుంది. తుట్టె మీద ఆవగింజంత తెల్లని గుండ్రటి బొడిపెలు లేస్తాయి. వాటిలో నత్రజని పుష్కలం. చెదలు వాటిని మేస్తాయి. కొన్ని వారాలు గడిచి తుట్టె కింది భాగం మెత్తబడ్డాక దాన్ని కూడా తినేస్తాయి. పైనుంచి కొత్త ముద్దలు అంటిస్తూ ఉంటాయి. పుట్ట లోపల సుమారు 30 డిగ్రీల వేడి, బాగా తేమ. బయట రోహిణి కార్తె ఎండ మండుతున్నా, మాఘమాసపు చలి కొరుకుతున్నా లోపల ఆ తోటకు పెద్దగా తేడా రాదు.

ఇలా శిలీంధ్రాన్ని సాగుచేసే చెదలు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ కలిపి సుమారు 330 జాతులున్నాయి. ఈ పొత్తు ఆఫ్రికా అడవుల్లో దాదాపు 3 కోట్ల ఏళ్ళ కిందట ఒక్కసారే మొదలైందని, తరవాత ఎన్నడూ ఏ చెదజాతీ ఈ సేద్యం మానుకోలేదని డీఎన్ఏ పరిశోధనలు చెబుతున్నాయి. టాంజానియాలోని రుక్వా లోయలో 2 కోట్ల 50 లక్షల ఏళ్ళనాటి బూజుతుట్టెలు రాయిగా మారి దొరికాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి పదివేల ఏళ్ళు దాటిందో లేదో. ఈ భూమి మీద పెద్దరైతు ఎవరంటే నేను చెదపురుగునే చూపిస్తాను.

ఈ తుట్టెను శాస్త్రలోకానికి మొదటగా వివరించిన వాళ్ళలో ఒకాయనకు మన తెలుగునేలతో సంబంధం ఉంది. పేరు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్. స్వీడన్ దేశపు లినేయస్ దగ్గర చదువుకుని, 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చాడు. తంజావూరు ప్రాంతంలో పుట్టలు తవ్వించి, లోపలి గదులూ తుట్టెలూ చూసి, 1779లో బెర్లిన్‌లో వెలువడిన ఒక శాస్త్రసంచికలో చెదల మీద పెద్ద వ్యాసం రాశాడు. చెదలు శిలీంధ్రాన్ని పెంచుకుంటాయని ఇప్పుడు మనం ఇంత తేలిగ్గా చెప్పుకుంటున్నామంటే దాని మొదలు అక్కడే. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. సామర్లకోటలో ఉండే వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ చివరి రోజుల్లో ఆయన దగ్గర ఉన్నాడు. జగన్నాథపురం వంతెన దాటినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. తుట్టె ఉన్నది భూమి లోపల, చీకట్లో. చుట్టూ గట్టి మట్టి. పుట్టగొడుగు అంటే శిలీంధ్రానికి పువ్వులాంటిది, కాయలాంటిది. అది బయటి గాలిలో విచ్చుకుంటేగాని సిద్ధబీజాలు ఎగిరిపోవు. మరి లోపలి నుంచి బయటికి దారేది? ఇక్కడే మన పెద్దగొడుగు ఒక దారి పట్టింది, చిట్టిగొడుగు ఇంకో దారి పట్టింది.

పెద్దగొడుగు తన దారి తానే తవ్వుకుంటుంది. వానలు పడి నేల నానినప్పుడు, తుట్టె మీది బొడిపెల్లో కొన్ని చెదల నోట పడకుండా మిగిలి పొడవు సాగడం మొదలుపెడతాయి. అలా సాగే భాగం చూడటానికి వేరులా ఉంటుంది. కానీ వేరు పైనుంచి కిందికి దిగుతుంది, ఇది కిందినుంచి పైకి ఎక్కుతుంది. అడుగు లోతైనా, ఇంకా ఎక్కువైనా ఆ కాడ అలా మట్టిని చీల్చుకుంటూ వస్తుంది. దాని తలమీద, గొడుగు నడినెత్తిన, ఒక మొన ఉంటుంది. బొంగరానికి ములుకు లాంటిది. మెత్తని పుట్టగొడుగు ఇంత గట్టి నేలను ఎలా చీల్చిందబ్బా అని ఎవరైనా ఆశ్చర్యపోతే ఆ మొనను చూపించాలి. గొడుగు మిగతా భాగం తెల్లగా ఉంటే, మొన మాత్రం బూడిదా గోధుమా కలిసిన రంగులో, గట్టిగా, బిగువుగా ఉంటుంది. పైకి వచ్చేదాకా గొడుగు ముడుచుకునే ఉంటుంది. వెలుగులోకి వచ్చాక విచ్చుకుని అరచేయంత వెడల్పవుతుంది. విచ్చుకునేటప్పుడు, గొడుగు అడుగున రేకుల్లా ఉండే లేత మొప్పలను కప్పి ఉంచిన పొర చిరిగి కాడకు ఉంగరంలా మిగిలిపోతుంది. ఈ ఉంగరం పెద్దగొడుగుకు పెద్ద గుర్తు. చెదల శిలీంధ్రాల్లో చాలావాటికి ఇంత స్పష్టమైన ఉంగరం ఉండదు.

మా నాయనమ్మ దీన్ని పీకనిచ్చేది కాదు. కాడ చుట్టూ మట్టి వేలితో కాస్త కదిపి, నేలకు సమంగా కత్తితో కోసేది. "లోపలికి తవ్వితే ఇల్లు కూలుతుంది, వచ్చే ఏడు రావు" అనేది. ఆ ఇల్లు ఎవరిదో, అందులో ఎవరున్నారో ఆమె ఎన్నడూ తవ్వి చూడలేదు. అయినా మాట సరైనదే. ఆ కాడ వెంట గునపం దించితే అది నేరుగా తుట్టె గదిలోకే పోతుంది. ప్రతి ఏడూ అదే మద్దిచెట్టు కింద, అదే నాలుగడుగుల మేర మాకు పెద్దగొడుగులు దొరికేవి. కింద ఆ చెదల రాణి, ఆ తుట్టె చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం అలా దొరుకుతూనే ఉంటాయి. చాలాసార్లు అక్కడ పైకి పుట్ట కనబడేదే కాదు, నేల చదునుగానే ఉండేది. పైకి లేకపోతేనేం, ఉన్నది కిందే.

చిట్టిగొడుగు సంగతి వేరు. దానికి ఆ పొడవాటి వేరుకాడ లేదు, అంత గట్టి మొనా లేదు, ఉంగరమూ లేదు. గొడుగు వెడల్పు పావలా కాసంత, మహా అయితే రూపాయి బిళ్ళంత. కాడ చీపురుపుల్లకన్నా కాస్త లావు. ఒక్కటి రెండు కావు, వందలు. ఒక్కోసారి వెయ్యి దాటి, మంచం పరిచినంత మేర తెల్లగా పరుచుకుంటాయి. ఏదైనా ఉన్నట్టుండి ఎక్కడపడితే అక్కడ వెలిస్తే పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయంటాం కదా, ఆ మాట పెద్దగొడుగును చూసి పుట్టి ఉండదని నా నమ్మకం. చిట్టిగొడుగును చూసినవాళ్ళే అనుంటారు.

ఇంత లేత ప్రాణి మూడడుగుల మట్టిని చీల్చుకుని రాలేదు. రావలసిన పనీ లేదు. దాని కోసం చెదలే తోటను బయటికి తెస్తాయి. వానాకాలంలో పనివాళ్ళు తుట్టెను ముక్కలు ముక్కలుగా కొరికి, కన్నాల గుండా నేలమీదికి మోసుకొచ్చి పలచగా పరిచేస్తాయి. దూరం నుంచి చూస్తే రంపపుపొట్టు రాలినట్టో, కాఫీపొడి చల్లినట్టో ఉంటుంది. ఆ ముక్కల్లో బూజు దారాలు బతికే ఉంటాయి కాబట్టి, వాన తడికి కొద్ది రోజుల్లోనే ఆ పొట్టు మీద చిట్టిగొడుగులు గుంపుగా లేస్తాయి. చిన్నవాటి కింద కడిగినా వదలని మట్టి అని మా నాయనమ్మ విసుక్కునేదే, అది ఇదే. చెదలు కోట్ల ఏళ్ళుగా కట్టుకుంటూ వస్తున్న తోటలోంచి రాలిన నలుసులు. మేమేమో ఏడు నీళ్ళు కడిగి పారబోసేవాళ్ళం.

రెండూ ఒక్క ఇంటి పిల్లలే. ఇద్దరినీ పెంచేది ఒడాంటోటెర్మెస్ అనే ఒకే ప్రజాతి చెదలు. ఒకడు గోడ బద్దలుకొట్టుకుని తానే బయటికి వచ్చాడు, ఇంకొకడిని ఇంట్లోవాళ్ళు ఎత్తుకొచ్చి వాకిట్లో దించారు. పొడుగూ పొట్టీ, ఒంటరీ గుంపూ, వేరుకాడ ఉండటమూ లేకపోవడమూ, ఈ తేడాలన్నీ ఆ రెండు దారుల్లోంచి వచ్చినవే అని నాకనిపిస్తుంది.

ఈ తేడా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను కూడా తికమక పెట్టింది. చిట్టిగొడుగును ముందు సింహళం నుంచి తెప్పించుకుని వర్ణించారు. పేరాదెనియ తోటల అధికారి థ్వేట్స్ పంపిన నమూనాలను చూసి, ఇంగ్లండులో బర్క్‌లీ, బ్రూమ్ అనే ఇద్దరు 1871లో దానికి అగారికస్ మైక్రోకార్పస్ అని పేరు పెట్టారు. మైక్రోకార్పస్ అంటే చిన్నికాయ. అప్పట్లో మొప్పలున్న పుట్టగొడుగులన్నిటినీ ఆ అగారికస్ అనే ఒక్క గాదెలోనే పోసేవారు. తరవాత 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ చెదలతో కలిసి బతికే వాటన్నిటికీ టెర్మిటోమైసెస్ అనే ప్రజాతి కట్టి, చిట్టిగొడుగును కూడా అందులోకి తీసుకున్నాడు. మూడేళ్ళకే, 1945లో, రాల్ఫ్ సింగర్ అనే మరో మహా పండితుడు కాదన్నాడు. వేరుకాడ లేనిదాన్ని ఆ కుటుంబంలో ఎలా ఉంచుతామని, పొడాబ్రెల్లా అనే వేరింటి పేరు పెట్టి దాన్ని బయటికి పంపాడు. ఈ తగవు అరవై ఏళ్ళ దగ్గర దగ్గర నడిచింది. 2003లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు డీఎన్ఏ పోల్చి చూసి తేల్చారు. చిట్టిగొడుగు టెర్మిటోమైసెస్ కుటుంబం నడిమధ్యలో ఉంది. దానికి వేరుకాడ మొదటినుంచీ లేకపోవడం కాదు, వేరుకాడ ఉన్న వంశంలోనే పుట్టి, అవసరం లేక వదిలేసుకుంది. సింగర్‌ను నేను తప్పు పట్టను. కంటికి కనబడేదాన్ని నమ్మాడు. నేనైనా ఆ రోజుల్లో అలాగే రాసేవాణ్ణి.

హైమ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టిన నాటికి ఆయన దేశం నాజీల ఆక్రమణలో ఉంది. ప్రతిఘటనోద్యమంలో పనిచేసినందుకు ఆయన్ను పట్టుకుని బూహెన్‌వాల్డ్, మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరాలకు పంపారు. ప్రాణాలతో తిరిగి వచ్చి, పారిస్ ప్రకృతిచరిత్ర మ్యూజియానికి అధిపతి అయ్యాడు. డెబ్భై ఏడో ఏట, 1977లో, చెదలూ పుట్టగొడుగులూ అన్న విషయం మీదే ఒక పుస్తకం ప్రచురించాడు. రెండేళ్ళకు, 1979లో కన్నుమూశాడు. అదే ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసే కె. నటరాజన్, దక్షిణ భారతదేశపు పుట్టగొడుగుల మీద రాస్తున్న వరుస వ్యాసాల్లో ఒక కొత్త జాతిని వర్ణించి దానికి ఆయన పేరు పెట్టారు. అదే మన పెద్దగొడుగు, హైమీ. మా నాయనమ్మ బుట్టలోకి అది చేరేనాటికి దానికి శాస్త్రంలో పేరు కూడా లేదు.

ఇప్పుడొక హెచ్చరిక. ఇది వినేవాళ్ళలో వానపడగానే బుట్ట పట్టుకుని బయల్దేరేవాళ్ళు ఉంటారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. వెల్లుల్లి వేసి ఉడికిస్తే నల్లబడకపోతే మంచిదనీ, వెండి వస్తువు రంగు మారకపోతే మంచిదనీ, పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చనీ అంటారు. వీటిలో ఒక్కటీ నిజం కాదు. పట్టణాల్లో పచ్చికబయళ్ళలో, పార్కుల్లో వాన పడగానే పెద్ద పెద్ద తెల్లటి గొడుగులు వలయంగా లేస్తాయి. కాడకు ఉంగరం కూడా ఉంటుంది. పెద్దగొడుగే అనుకుని కోస్తారు. దాన్ని క్లోరోఫిల్లమ్ అంటారు. ముదిరాక దాని మొప్పలు ఆకుపచ్చగా మారతాయి, తింటే గంటల్లోనే వాంతులు, విరేచనాలు. అమానిటా అనే మరో వంశంలో కొన్ని అంతకన్నా ప్రమాదం. తిన్న ఆరు గంటలకో పన్నెండు గంటలకో గాని ఏమీ తెలియదు, అప్పటికే విషం కాలేయాన్ని పట్టుకుంటుంది. గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి, పైన గ్లాసు మూసి రాత్రంతా ఉంచితే మొప్పల్లోంచి సిద్ధబీజాల పొడి రాలుతుంది. మన రెండు గొడుగులకూ అది లేత గులాబీరంగు. అమానిటాకు తెలుపు, క్లోరోఫిల్లమ్‌కు ఆకుపచ్చ. కానీ గులాబీ పొడి రాల్చే విషపు గొడుగులు కూడా ఉన్నాయి. కాబట్టి పొడి ఒక్కటే చూసి నోట పెట్టుకోకండి. పెద్దదైతే దాని వేరుకాడ చెదల గూటి దాకా దిగాలి, చిన్నదైతే దాని కింద తుట్టె పొట్టు ఉండాలి. ఇవి రెండూ కళ్ళారా చూపించగలిగిన, ఏళ్ళ తరబడి ఏరుకుని తిన్న పెద్దవాళ్ళు పక్కన లేకపోతే వదిలేయండి. తిన్నాక తేడా అనిపిస్తే, మిగిలిన ముక్క వెంట పెట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి.

వండుకోవడం దగ్గర కూడా రెండింటికీ తేడా ఉంది. పెద్దగొడుగు కాడ పీచుపీచుగా చీలుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి దగ్గరికి వేయిస్తే నమలడానికి మాంసంలా ఉంటుంది. శ్రావణమాసంలో నీచు ముట్టని మా ఇంట్లో ఆ నెలరోజులూ అదే పండగ కూర. చిట్టిగొడుగులు నీళ్ళు వదిలి చటుక్కున మెత్తబడిపోతాయి. వాటిని చింతపులుసులో చివర్న వేసి, ఒక పొంగు రాగానే దించేది మా నాయనమ్మ. రుచిలో నా ఓటు చిన్నదానికే. ఆ పులుసుకు వాన పడిన నేల వాసన ఉండేది.

మీలో కొందరికి అనుమానం రావచ్చు, ఇంత రుచైనదాన్ని ఎవరూ సాగుచేయరెందుకని. చేయాలని చూడక కాదు. బూజు దారాలను ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో పెంచగలరు. గొడుగు మాత్రం లేవదు. పంటగా పండించి అమ్మేటంత సాగు ఇంతవరకూ ఎవరి చేతా కాలేదు. దానికి చెదల ఉమ్మి, చెదల పేగు, చెదల కాపలా కావాలి. చెదలు తోటలో పరాయి బూజులను ఎప్పటికప్పుడు ఏరి పారేస్తుంటాయి. ఆ కాపలా పోతే ఏమవుతుందో చూడాలంటే చచ్చిన పుట్టను చూడాలి. మందు పోసి రాణిని చంపిన పుట్ట మీద రెండు మూడు వారాల్లో నల్లని పుల్లల్లాంటివి మొలుస్తాయి, కాలిన అగరొత్తులు గుచ్చినట్టు. అది జైలేరియా అనే మరో శిలీంధ్రం. చెదలు బతికి ఉన్నన్నాళ్ళూ అది తుట్టెలోనే ఎక్కడో అణిగిమణిగి ఉంటుంది. కాపలా పోగానే తోటంతా దానిదే. ఆ పుట్ట మీద మళ్ళీ తెల్లగొడుగు లేవదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఉసుళ్ళు ఎగిరి జంటలుగా కొత్త గూడు పెట్టేటప్పుడు, ఎక్కువ జాతుల్లో అవి తమ వెంట బూజును తీసుకుపోవు. పుట్టింటి నుంచి విత్తనం లేకుండానే కాపురానికి వెళతాయి. కొత్త గూటిలో పుట్టిన మొదటి పనివాళ్ళు ఆకుల కోసం బయటికి వచ్చినప్పుడు, చుట్టుపక్కల విచ్చుకున్న పుట్టగొడుగుల నుంచి రాలిన సిద్ధబీజాలు ఆ ఆకుల మీద దొరకాలి. దొరికితే తోట మొదలవుతుంది. లేకపోతే ఆ గూడు అంతే. మొగ్గమీద ఉన్నవాటికి అంగట్లో ధర ఎక్కువని విచ్చుకోకముందే అన్నీ కోసేస్తే, ఆ ఏడు పుట్టిన కొత్త గూళ్ళకు విత్తనం ఎక్కడినుంచి వస్తుంది? మా నాయనమ్మ బాగా విచ్చుకుని అంచులు చిరిగినవాటిని కోసేది కాదు. "ముసలివి, పురుగుంటుంది" అనేది. ఆమె కారణం వేరు, అడవికి జరిగిన మేలు వేరు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మామిడితోపు అవతల భూమిని చదును చేసి జీడిమామిడి వేశారు. పుట్టలన్నీ ట్రాక్టరుతో దున్నేశారు. కిందటి ఏడు పుష్యమి కార్తెలో ఊరికి వెళ్ళినప్పుడు ఆ దారిన నడిచాను. మద్దిచెట్టు ఒక్కటి గట్టు మీద ఉన్నందుకు మిగిలింది. దాని మొదట్లో, ట్రాక్టరు చక్రం వెళ్ళలేని మూల, చాపంత మేర చిట్టిగొడుగులు లేచి ఉన్నాయి. కోయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒకదాని కింద వేలు పెట్టి కొద్దిగా పొట్టు తీసుకుని అరచేతిలో వేసుకున్నాను. తడిగా, తేలికగా ఉంది. చూస్తుండగానే ఆ పొట్టులోంచి ఒక చెదపురుగు బయటికి వచ్చి, వేలిచివర దాకా నడిచి, అంచున ఆగి, మీసాలు ఆడిస్తూ దారి వెతుక్కుంటోంది. చేయి మెల్లగా నేలకు ఆనించాను. అది దిగి, కన్నంలోకి వెళ్ళిపోయింది.